అరుంధతి ఫొటో

మా అమ్మా నాయినల పెళ్లి ఆల్బమ్‌లో ఒక పేజీ ఉంది. అది తెరిచామంటే మా నాయినమ్మ మొదలుపెడుతుంది.

"అరుంధతి కనవడ్డదో లేదో దేవునికెరుక. నా కొడుకు మొఖం మాత్రం కనవడలే."

1996 మే నెల. లక్డారంలో మా పాత ఇంటి ముందు. తలంబ్రాలు అయ్యాక పంతులుగారు కొత్త జంటను పందిట్లోంచి బయటికి తీసుకొచ్చి ఆకాశంలోకి చూపించారు. మిట్టమధ్యాహ్నం నక్షత్రం ఎక్కడ కనిపిస్తుందని అడగకండి, మన పెళ్లిళ్లన్నిట్లో అంతే. నాయిన చెయ్యి పైకెత్తి చూపిస్తున్నాడు, అమ్మ తలెత్తి చూస్తోంది. చెయ్యి తెల్లగా మెరుస్తోంది. వెనక గోడ మీద రాసిన ఎరువుల ప్రకటన కూడా చదవొచ్చు. తలపాగా కింద, బాసింగం వెనక నాయిన మొఖం మాత్రం బొగ్గు. కళ్లెక్కడో, మూతెక్కడో తెలియదు.

తీసింది మా కాక. నాయినకు సొంత తమ్ముడు. అప్పటికి పటాన్‌చెరులో చిన్న ఫొటో స్టూడియో పెట్టి రెండేళ్లు. ఊళ్లో ఎన్ని పెళ్లిళ్లు తీశాడో లెక్క లేదు. సొంత అన్న పెళ్లిలో ముఖ్యమైన ఫొటోనే పాడు చేశాడన్న పేరు మాత్రం ఇరవై ఎనిమిదేళ్లుగా మోస్తున్నాడు. నాయినమ్మ ఎత్తిపొడిచిన ప్రతిసారీ నవ్వి ఊరుకుంటాడు. నేను కూడా చిన్నప్పటి నుంచి కాకకు ఆ రోజు చెయ్యి వణికిందనే అనుకున్నాను.

కాదని తెలుసుకోవడానికి నేను ఇంజినీరింగ్ చదివి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరి, సెకండ్ హ్యాండ్‌లో ఒక సోనీ ఎ6000 కొనుక్కోవాల్సి వచ్చింది.

కాక పెట్టె

కాక స్టూడియో ఎప్పుడో మూసేశాడు. అందరి చేతుల్లోకి ఫోన్లు వచ్చాక పాస్‌పోర్ట్ ఫొటోలకు తప్ప ఎవరూ రాలేదు. నేను కెమెరా కొన్నానని తెలిసి ఒక ఆదివారం ఇనప పెట్టె తెచ్చి నా ముందు పెట్టాడు. అందులో పెంటాక్స్ కె1000 కెమెరా, దానికి 50 మి.మీ. ఎఫ్/2 లెన్స్, ఒక పాత ఫ్లాష్, సగం చెదలు తిన్న నోట్‌బుక్ ఉన్నాయి.

కె1000 అంటే 1976 నుంచి 1997 దాకా పెద్దగా మార్పు లేకుండా తయారైన కెమెరా. బ్యాటరీ లేకపోయినా షట్టర్ పనిచేస్తుంది, లోపల ఉన్న లైట్ మీటర్‌కే బ్యాటరీ కావాలి. లెన్స్‌లో మోటారు లేదు, చిప్ లేదు. ఫోకస్‌కు ఒక రింగు, అపర్చర్‌కు ఒక రింగు. అంతే.

లెన్స్‌లో సాలెగూడులా బూజు పట్టింది. మన వాతావరణంలో బీరువాలో పెట్టి మరిచిపోయిన లెన్సులన్నిటికీ వచ్చే జబ్బే. కోఠిలో రిపేరు చేసే ఒకాయన దగ్గర విప్పించి తుడిపించాను. దాన్ని సోనీకి బిగించడానికి ఒక అడాప్టర్ కావాలి. అది ఖాళీ గొట్టం, లోపల గాజు ఉండదు. పెంటాక్స్‌లో లెన్స్ మౌంట్ నుంచి ఫిల్మ్‌కు దూరం 45.46 మి.మీ. సోనీలో మౌంట్ నుంచి సెన్సర్‌కు 18 మి.మీ. ఆ తేడా ఎంతో అడాప్టర్ మందం అంత. మిర్రర్‌లెస్ కెమెరాలకు దాదాపు ఏ పాత లెన్స్ అయినా పట్టడానికి కారణం ఇదే.

బిగించి ఆన్ చేస్తే కెమెరా మొరాయించింది, లెన్స్ లేదంది. మెనూలో "లెన్స్ లేకపోయినా షట్టర్ పడాలి" అనే ఆప్షన్ ఆన్ చేయాలని తర్వాత తెలిసింది. స్క్రీన్ మీద అపర్చర్ అంకె ఉండాల్సిన చోట రెండు గీతలు కనిపించాయి. ముందు ఏ లెన్స్ ఉందో, అపర్చర్ ఎంతో కెమెరాకు తెలియదు. మనమే గుర్తుపెట్టుకోవాలి.

కాక తన నోట్‌బుక్ చూపించాడు. ప్రతి రీలుకూ ఒక పేజీ, ప్రతి ఫొటోకూ ఒక వరస. అపర్చర్, స్పీడు, దూరం. "కెమెరాకు యాదుండదు బిడ్డా, మనమే రాసుకోవాలె" అన్నాడు.

ఆ నోట్‌బుక్‌లోనే 1996 మే పేజీ దొరికింది. అరుంధతి ఫొటో పక్కన రాసి ఉంది: 22, 60, 3 మీటర్లు. దాని కింద ఎర్ర గీత.

1/60 కథ

ఆ అంకెల అర్థం కాక చెప్పాడు.

"నూరు ఏఎస్ఏ రీలు. మొఖం మీద నీడ పడ్తున్నదని ఫ్లాష్ ఏసిన. ఫ్లాష్ ఏస్తే గా కెమెరాల 1/60 కన్న పైకి పోవద్దు. గంత ఎండల 1/60 పెడితే అపర్చర్ 22కు మూసుకోవాలె. నా ఫ్లాష్ గైడ్ నంబరు 20. ఇరవైని ఇరవై రెండుతోని భాగించు, ఎంతొస్తది?"

మీటరు కూడా రాదు. అంటే ఆ ఫ్లాష్ వెలుగు మొఖానికి సరిపోవాలంటే కాక మీటరు లోపల నిలబడాలి. అంత దగ్గర నుంచి 50 మి.మీ. లెన్స్‌తో ఇద్దరూ, పైకెత్తిన చెయ్యీ ఎక్కడ పడతాయి? అందుకే మూడు మీటర్లు వెనక్కి జరిగాడు. వెలుగు దూరం వర్గానికి తగ్గట్టు పడిపోతుంది. కావలసిన దాంట్లో పదో వంతు కూడా నాయిన మొఖానికి చేరలేదు.

దానికి తోడు ఆ నెల. మే రెండో వారంలో మన హైదరాబాద్ చుట్టుపక్కల మధ్యాహ్నం 12 దాటిన కాసేపటికి సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. నిలువుగా పాతిన కర్రకు పక్కన నీడ కనిపించదు. అలాంటి ఎండలో తలపాగా పెట్టుకున్న మనిషి మొఖం మొత్తం నీడే.

అంటే తప్పు కాక చేతిది కాదు. లెన్స్‌దీ కాదు. 1/60ది.

సరే, ఇప్పటి కెమెరాలో ఆ అంకె ఎంత? నా ఎ6000లో 1/160. ముప్పై ఏళ్లకు పెద్ద తేడా ఏం లేదు. కెమెరా షట్టర్ 1/4000 దాకా వెళ్తుంది కానీ, మామూలు ఫ్లాష్‌తో 1/160 దాటకూడదు. ఎందుకు?

నేను దాటి చూశాను. ఒక రాత్రి ఇంట్లో నాయినమ్మను కూర్చోబెట్టి, ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికిన ఒక్క పిన్ను ట్రిగ్గర్ పెట్టి 1/500లో కొట్టాను. నాయినమ్మ నుదురు, బొట్టు బ్రహ్మాండంగా వచ్చాయి. ముక్కు కింద నుంచి అంతా నలుపు. ఫోన్‌లో చూపిస్తే, "కాక అయిండు, ఇప్పుడు నీ వంతా?" అంది.

రెండు టిప్పర్ల మధ్య సందు

మీరెప్పుడైనా లక్డారం గేటు దగ్గర రోడ్డు పక్కన నిలబడ్డారా? కంకర టిప్పర్లు ఒకదాని వెనక ఒకటి తోక పట్టుకున్నట్టు పోతుంటాయి. అవతల టీ కొట్టు ఉంటుంది. రెండు టిప్పర్ల మధ్య సన్నటి సందు కదులుతూ పోతుంటే, ఆ సందులోంచి టీ కొట్టు ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది. ముందు బెంచీ, తర్వాత పొయ్యి, తర్వాత గల్లా.

కెమెరా షట్టర్ కూడా అంతే. రెండు తెరలుంటాయి. మొదటిది తెరుచుకుంటూ పోతుంది, రెండోది మూసుకుంటూ వెనకే వస్తుంది. స్పీడు తక్కువున్నప్పుడు మొదటి తెర పూర్తిగా వెళ్లిపోయాకే రెండోది బయల్దేరుతుంది. మధ్యలో ఒక క్షణం సెన్సర్ మొత్తం తెరిచి ఉంటుంది. ఫ్లాష్ ఆ క్షణంలో వెలిగి ఆరిపోతే చాలు. అలా మొత్తం తెరుచుకునే గరిష్ఠ స్పీడునే సింక్ స్పీడు అంటారు. కె1000లో గుడ్డ తెరలు అడ్డంగా కదిలేవి, అందుకే 1/60 దగ్గర ఆగిపోయింది.

స్పీడు పెంచితే తెరలు వేగంగా కదలవు, వాటి మధ్య సందు సన్నబడుతుంది. 1/4000లో నా కెమెరా సెన్సర్ మీద ఆ సందు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. మామూలు ఫ్లాష్ ఒక్క మెరుపు మెరిసి ఊరుకుంటుంది. ఆ మెరుపు సమయంలో సందు ఎక్కడుంటే అక్కడే వెలుగు పడుతుంది. మెరుపొచ్చినప్పుడు టిప్పర్ల సందులో పొయ్యి ఉంటే పొయ్యే కనిపిస్తుంది, బెంచీ కనిపించదు. నాయినమ్మ బొట్టు రహస్యం ఇదే.

దీనికి విరుగుడే హై స్పీడ్ సింక్. ఫ్లాష్ ఒక్కసారి మెరవడానికి బదులు, సందు ఒక చివర నుంచి ఇంకో చివరకు వెళ్లేదాకా వెంటవెంటనే, సెకనుకు వేల సార్ల లెక్కన మెరుస్తూనే ఉంటుంది. మన కంటికి ఒక్క మెరుపులానే కనిపిస్తుంది. సెన్సర్‌కు మాత్రం ఆ కాసేపు ట్యూబ్‌లైట్ వెలిగినట్టే. ఒలింపస్ కంపెనీ 1986లోనే ఎఫ్280 అనే ఫ్లాష్‌తో దీన్ని తెచ్చింది. మా అమ్మా నాయినల పెళ్లికి పదేళ్ల ముందే. కాకకు ఆ సంగతి నేను చెప్పేదాకా తెలియదు.

పేరులో హై స్పీడ్ ఉందని చాలామంది పొరబడతారు. నేనూ పడ్డాను. అమెరికాలో హెరాల్డ్ ఎడ్జర్టన్ అనే ఎంఐటీ ప్రొఫెసర్ 1964లో యాపిల్ పండులోంచి తూటా దూసుకుపోతున్న ఫొటో తీశాడు. ఆ పద్ధతి వేరు. చీకటి గదిలో షట్టర్ తెరిచి ఉంచి, ఫ్లాష్‌ను అతి తక్కువ సమయం వెలిగించడం. మన చిన్న ఫ్లాష్‌లు కూడా అతి తక్కువ పవర్‌లో 1/20,000 సెకను లోపే ఆరిపోతాయి. నీటి చుక్కల ఫొటోలకు అది చాలు. హై స్పీడ్ సింక్ దానికి పూర్తి రివర్స్. ఇందులో ఫ్లాష్ వెలుగును కుదించడం లేదు, సాగదీస్తున్నాం. మన ఫోన్‌లో ఉండే ఫ్లాష్ ఎల్‌ఈడీ, అది మొదటి నుంచీ టార్చిలైటే. కాబట్టి ఫోన్‌కు ఈ గొడవ లేదు, కానీ ఎండతో పోటీ పడే శక్తీ లేదు.

లెన్స్‌కు ఇందులో పని లేదు

నేను భయపడింది లెన్స్ గురించి. చిప్ లేని లెన్స్‌తో ఇదంతా పనిచేస్తుందా?

పనిచేస్తుంది. ఫ్లాష్ ఎప్పుడు మొదలవ్వాలి, ఎప్పుడు ఆగాలి అన్న సంభాషణ కెమెరాకూ ఫ్లాష్‌కూ మధ్య జరుగుతుంది. లెన్స్ ఆ మాటల్లో లేనే లేదు. కావలసింది రెండే. కెమెరాకు హై స్పీడ్ సింక్ ఉండాలి, ఫ్లాష్ లేదా ట్రిగ్గర్ అదే బ్రాండ్ కెమెరా భాష మాట్లాడేది అయ్యుండాలి. నా ఒక్క పిన్ను ట్రిగ్గర్‌కు "వెలుగు" అన్న ఒక్క మాటే వచ్చు. మీ దగ్గర నికాన్ ఉంటే ఇంకోటి చూసుకోండి. డి3000, డి5000 వరస కెమెరాల్లో ఈ సౌకర్యం లేదు, పైగా పాత లెన్స్ పెడితే లైట్ మీటర్ కూడా పనిచేయదు. డి7000లో రెండూ ఉన్నాయి.

చిప్ లేకపోతే పోయేవి వేరే ఉన్నాయి. అపర్చర్ ఎంతో తెలియదు కాబట్టి ఆటోమేటిక్ ఫ్లాష్‌ను నమ్మలేం, ఒక్కో ఫొటో ఒక్కోలా వస్తుంది. పవర్ మనమే పెట్టుకోవాలి. ఫ్లాష్ తలలోని జూమ్ కూడా 50కి చేత్తో తిప్పుకోవాలి. ఇంకో కిటుకు: సోనీలో ఎలక్ట్రానిక్ ఫ్రంట్ కర్టెన్ అనే ఆప్షన్ ఆఫ్ చేయండి. అది ఆన్‌లో ఉంటే పాత లెన్సులతో ఎక్కువ స్పీడులో ఫొటో పైభాగం ఒకలా, కిందిభాగం ఒకలా వెలుగు పడే అవకాశముంది.

కాక పెట్టెలోని పాత ఫ్లాష్‌ను మాత్రం నా కెమెరా మీద పెట్టలేదు, మీరూ పెట్టొద్దు. కొన్ని పాత ఫ్లాష్‌ల పిన్ను మీద 200 వోల్టులు దాటే కరెంటు ఉంటుంది. ఫిల్మ్ కెమెరాలోని ఇనుప స్విచ్చి దాన్ని తట్టుకుంటుంది. డిజిటల్ కెమెరా సర్క్యూట్ కాలిపోవచ్చు.

మధ్యాహ్నం 12:30

ఇంత తంటాలు ఎందుకు, సాయంత్రం ఎండలో తీయొచ్చు కదా అంటారు. తీయొచ్చు. కానీ నేను తీయాలనుకున్నది నాయినను ఆయన పని చేసే చోట.

మా లక్డారం అంటే చుట్టుపక్కల వాళ్లకు క్రషర్లు. గుట్టను పేల్చి, రాయిని మింగి, కంకర కక్కే మెషీన్లు. హైదరాబాద్‌లో లేచే అపార్ట్‌మెంట్లలో మా ఊరి రాయి ఎంతుందో నేను పనిచేసే గచ్చిబౌలి ఆఫీసు కిటికీలోంచి చూస్తే తెలుస్తుంది. నాయిన మొదట లోడింగ్‌లో చేరి, తర్వాత ఆపరేటర్ అయ్యాడు. పాతికేళ్లు. నా ఇంజినీరింగ్ ఫీజు ఆ దుమ్ములోంచే వచ్చింది.

రెండేళ్లుగా దగ్గు. మెట్లెక్కితే ఆయాసం. ఎక్స్‌రే చూసిన డాక్టరు ఇంక దుమ్ములోకి వెళ్లొద్దన్నాడు. రాయి పగిలినప్పుడు లేచే పొడిలో సిలికా ఉంటుంది. కంటికి కనిపించే పెద్ద రేణువులు చాలావరకు ముక్కులో, గొంతులో ఆగిపోతాయి. కనిపించనంత సన్నవి ఊపిరితిత్తుల అడుగుదాకా వెళ్లి అక్కడ మచ్చలు చేస్తాయి. ఆ మచ్చ మళ్లీ పోదు. ఉద్యోగం వచ్చిన రోజు నుంచీ "ఇంక చాలు నాయినా" అంటూనే ఉన్నాను. "ఇంట్ల కూసొని ఏం జెయ్యాలె?" అనేవాడు. చివరికి పోయిన మే నెలాఖరుకు మానేస్తానన్నాడు.

మా ఇంట్లో నాయిన ఫొటోలంటే పెళ్లి ఆల్బమ్, ఆధార్ కార్డు, నా కాన్వొకేషన్. పాతికేళ్లు నిలబడిన చోట ఒక్కటీ లేదు. అడిగితే, "గా దుమ్ములనా? మంచి బట్టలేసుకున్నప్పుడు దియ్యి" అన్నాడు. వారం రోజులు బతిమాలితే ఒప్పుకున్నాడు. ఓనర్ ఒక షరతు పెట్టాడు: మెషీన్ నడిచేటప్పుడు రావొద్దు. మెషీన్ ఆగేది అన్నం వేళ, 12:30 నుంచి 1:30 దాకా. మళ్లీ అదే మే, అదే నడినెత్తి ఎండ. తలపాగా స్థానంలో తలకు చుట్టిన రుమాలు.

ఫ్లాష్ శక్తి పెరిగింది కదా, 1/160లో ఎఫ్/14 పెట్టి కొట్టినా మొఖం వెలుగుతుంది. అది నిజమే. కానీ ఎఫ్/14 దగ్గర వెనకున్న టిప్పర్లు, డీజిల్ డ్రమ్ములు, తీగలు అన్నీ మొఖంతో సమానంగా స్పష్టంగా వస్తాయి. పైగా అంత మూసిన అపర్చర్‌లో సెన్సర్ మీది ప్రతి ధూళి కణం నల్ల మచ్చై కనిపిస్తుంది. క్రషర్‌లో ధూళికి కొదవా? ఎఫ్/2.8కు తెరిస్తే రెండు బాధలూ తగ్గుతాయి. ఐఎస్ఓ 100లో ఆ ఎండకు ఎఫ్/2.8 పెట్టాలంటే స్పీడు 1/4000. అంటే హై స్పీడ్ సింక్ తప్ప దారి లేదు.

లెన్స్ ఇంట్లోనే బిగించుకుని వెళ్లాను. అక్కడ విప్పే ప్రసక్తే లేదు. కాక కూడా వచ్చాడు. ఫ్లాష్ ఆయన చేతికిచ్చాను.

మొదటి ఫొటో పనికిరాలేదు. మెషీన్ ఆగి పది నిమిషాలే అయింది, గాల్లో పొడి ఇంకా దిగలేదు. కాక నా పక్కనే నిలబడి ఫ్లాష్ పట్టుకున్నాడు. ముందున్న ప్రతి రేణువూ మెరిసి నాయిన మీద మంచు కురిసినట్టు వచ్చింది. "నా పక్కన వద్దు కాకా, నువ్వు పక్కకు పో" అన్నాను. ఆయన నాయినకు ఎడమవైపు, మొఖానికి నాలుగడుగుల దూరంలో, కొంచెం ఎత్తులో పట్టుకున్నాడు. మంచు పోయింది.

రెండోది మొఖం చీకటి. సాగదీసిన వెలుగు పలచబడుతుంది, అది హై స్పీడ్ సింక్‌కు మనం కట్టే పన్ను. నేను తెలివిగా అపర్చర్ ఇంకా తెరిచి, స్పీడు ఆ మేరకు పెంచుదామనుకున్నాను. 1/4000 పైన నా కెమెరాలో లేదు. ఉన్నా లాభం లేదని తర్వాత అర్థమైంది. ఇక్కడ ఫ్లాష్ కూడా ఎండలాగే ఎడతెగకుండా వెలుగుతోంది కాబట్టి, అపర్చర్ తెరిచి స్పీడు పెంచితే రెండూ ఒకే లెక్కన మారతాయి. ఎండ కంటే ఫ్లాష్ ఎక్కువ కావాలంటే పవర్ పెంచాలి, లేదా దగ్గరికి జరపాలి. పవర్ అప్పటికే ఫుల్.

"ఇంకింత దగ్గరికి రారా" అన్నాడు నాయిన, కాకతో. "గట్లనే పట్టు. మణికట్టు కిందికి వంచకు."

నాయినకు ఇదెలా తెలుసు? కాక నవ్వాడు. స్టూడియో కొత్తలో జీతం ఇచ్చి లైట్ బాయ్‌ను పెట్టుకునే స్తోమత లేక, పెళ్లిళ్ల సీజన్‌లో రాత్రిళ్లు నాయినే లైట్ పట్టుకునేవాడట. పగలు క్రషర్, రాత్రి లైటు. నాకు ఇరవై ఎనిమిదేళ్లొచ్చినా ఎవరూ చెప్పలేదు.

ఎఫ్/2.8లో రెండు మీటర్ల దూరాన ఫోకస్ పడే మందం జానెడు కంటే తక్కువ. ఆటోఫోకస్ లేదు. రింగు తిప్పుతూ, స్క్రీన్ మీద కన్ను పెద్దది చేసుకుని చూస్తూ, "నాయినా కదలకు, ఊపిరి బిగబట్టు" అన్నాను. అని నాలుక కరుచుకున్నాను. ఆయన బిగబట్టాడు. మూడో సెకనుకు దగ్గొచ్చింది. దగ్గు ఆగేదాకా ముగ్గురం మాట్లాడకుండా నిలబడ్డాం. ఆ తర్వాత ఊపిరి బిగబట్టమనలేదు. మాట్లాడించాను. మెషీన్ దవడలో మొదటిసారి రాయి ఇరుక్కున్న రోజు ఏం జరిగిందో చెప్తుంటే, ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య కొట్టాను.

స్క్రీన్‌లో నాయిన మొఖం వచ్చింది. రుమాలు కింద రెండు కళ్లూ కనిపిస్తున్నాయి. వెనక కన్వేయర్ బెల్టు మసకగా ఒక గీతలా మాత్రమే ఉంది. ముడతల్లో బూడిద రంగు పొడి. బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి. రోజూ చూస్తున్న మొఖమే, ఇంత సన్నబడ్డాడని నాకు ఆ స్క్రీన్ మీదే తెలిసింది.

రెండోసారి

అప్పుడే అమ్మ క్యారియర్ పట్టుకుని వచ్చింది. కాక ఆమెను చూసి, ఫ్లాష్ నా చేతిలో పెట్టి, "కెమెరా ఇటియ్యి బిడ్డా" అన్నాడు.

"వదినె, గిటు రాండ్రి. అన్న పక్కన. అన్నా, చెయ్యి పైకి లేపు."

నాయినకు వెంటనే అర్థమైంది. "సిగ్గు లేదురా నీకు" అన్నాడు, కానీ చెయ్యి లేపాడు. అమ్మ క్యారియర్ కింద పెట్టి కొంగు సర్దుకుంది. ఆకాశంలో ఏమీ లేదు, తెల్లటి ఎండ తప్ప. కాక పదేళ్ల తర్వాత ఆ రింగు మీద చెయ్యి వేశాడు. స్క్రీన్ మీద అంచులు రంగుల్లో మెరుస్తుంటే, "ఈ ఎర్ర గీతలేంది, తీసెయ్యి" అన్నాడు. తీసేశాను. రెండు మొఖాలకూ ఫోకస్ అందాలని ఇద్దరినీ ఒకే వరసలో నిలబెట్టాడు. వెనక్కి రెండడుగులు వేశాడు. నేను ఫ్లాష్ పట్టుకుని ఎంత దగ్గరికి రావచ్చో అంత దగ్గరికి వెళ్లాను. ఒక్కటే కొట్టాడు. రెండోది తీయమంటే, "రీలు వేస్టు" అన్నాడు.

ప్రింటు వేయించి ఆల్బమ్‌లో పాతదాని పక్కన అతికించాం. కెమెరా ఫైల్‌లో అపర్చర్ వివరం ఉండదు కదా, కాక దాని వెనక పెన్నుతో రాశాడు: 2.8, 4000, 2 మీటర్ల పైన. ఎర్ర గీత లేదు.

నాయినమ్మ కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది. ఇప్పుడేమంటుందా అని అందరం చూస్తున్నాం. వేలితో నాయిన బుగ్గ తడిమింది. "గింత సన్నగైండా వీడు?" అంది. మళ్లీ కాసేపటికి తేరుకుని, "మొఖమైతే కనవడ్డది. మరి అరుంధతేది?" అంది.

ఈ మధ్య ఓనర్ మళ్లీ ఫోన్ చేస్తున్నాడు. ఆపరేటర్ దొరకడం లేదట, అద్దాల క్యాబిన్‌లో కూర్చునే పనే కదా అంటున్నాడు. నాయిన రానని చెప్పలేదు, వస్తానని కూడా చెప్పలేదు. నిన్న రాత్రి నేను కెమెరా బ్యాగ్ సర్దుకుంటుంటే వచ్చి పక్కన కూర్చున్నాడు.

"మళ్లెప్పుడన్న లైటు పట్టే పనుంటే చెప్పు బిడ్డా" అన్నాడు.

ఈ ఆదివారం మా వీధిలో ఒక బారసాల ఉంది. మధ్యాహ్నమే, ఆరుబయట. నాయినను రమ్మన్నాను.